సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొంటున్నారా? జాగ్రత్త, వరదలో మునిగిన బండ్లు ఇంకా చేతులు మారుతున్నాయి

నాలుగు లక్షల లోపు బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ చిన్న కారు వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అడ్వాన్స్ ఇచ్చేయబోతున్నవాళ్లయితే ముందు ఇది చదివి, తర్వాత ఇవ్వండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు కాలనీల్ని ముంచెత్తింది. ఇళ్ల ముందు పెట్టిన కార్లు సీట్ల పైదాకా మునిగిపోయాయి. ఆ కార్లన్నీ తుక్కు కిందకు పోలేదు. కొన్నింటిని కడిగి, ఆరబెట్టి, కొత్త కార్పెట్ వేసి, మంచి సెంటు కొట్టి అమ్మకానికి పెట్టారు. అందులో ఒకటి మా ఇంటికి వచ్చింది.

మాది 2020 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర కొన్నాం. కొనేముందు అందరూ చూసేవన్నీ చూశాం. రీడింగ్, టైర్లు, ఎక్కడైనా రీపెయింట్ పడిందా, ఆర్సీ, పెండింగ్ చలాన్లు అన్నీ సరిగానే ఉన్నాయి. తెలిసిన మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ సౌండ్ విని, బాగుందన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఇంజన్ నిజంగానే బాగుంది. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లలోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఈ బండిని నీళ్లలో ఎవరూ స్టార్ట్ చేసినట్టు లేదు, అందుకే ఇంజన్ బతికింది. నష్టమంతా కాళ్ల కింద, కార్పెట్ అడుగున ఉంది. చిన్న కార్లలో మనం చూసేదేమో ఇంజన్, మైలేజీ, రీడింగ్. మోసం చేసేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

వేసవిలో ఏ ఇబ్బందీ రాలేదు. వానలు మొదలయ్యాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. పవర్ విండో దించితే మళ్లీ ఎక్కదు. సెంట్రల్ లాక్ దానంతట అదే పడిపోతుంది. ఒకరోజు ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకుంటుంటే స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది, మీటర్‌లో స్టీరింగ్ లైటు వెలిగింది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు. వెనక నుంచి బస్సు హారన్. ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్కానర్ పెట్టలేదు, బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం వాడే భాగం శుభ్రంగా ఉంది. లోపల రీల్‌కు చుట్టుకుని ఉండే భాగంలో మట్టిరంగు గీత, దాని కింద బెల్టంతా మాసినట్టు ఉంది. తర్వాత డోర్ దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తాడు. పైన కొత్త కార్పెట్, కింద ఎండిపోయిన ఒండ్రు. వేలితో రుద్దితే పౌడర్‌లా మెత్తగా ఉంది. డ్యాష్‌బోర్డు కింద కంట్రోల్ మాడ్యూల్ (కారు ఎలక్ట్రానిక్స్‌ను నడిపే పెట్టె) కనెక్టర్ పీకి చూపించాడు. పిన్నులకు పచ్చటి చిలుము. "సార్, ఇది నీళ్లలో నానిన బండి" అన్నాడు.

డీలర్‌కు ఫొటోలు పంపితే "ఏసీ నీళ్లు లీకై ఉంటాయి సార్" అన్నాడు. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోతే లోపలికి నీళ్లు కారడం నిజమే. కానీ ఆ నీళ్లతో ఒండ్రు రాదు, సీటు బెల్టు రీల్ దాకా మట్టి ఎక్కదు.

ఇప్పుడు మీరేం చూడాలో చెప్తాను. అన్ని సీటు బెల్టుల్నీ చివరిదాకా లాగండి, వెనకవి కూడా. బెల్టులు కొత్తవి వేసి ఉంటే వాటి మీద తయారీ తేదీ లేబుల్ చూడండి. 2020 బండికి 2024 చివర్లో తయారైన బెల్టు ఎందుకుందో అడగండి. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి జరిపి, కింద పట్టాలు, వాటి బోల్టులు టార్చ్ వేసి చూడండి. అక్కడ తుప్పు ఉండాల్సిన పని లేదు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట మూలల్లో చెయ్యి పెట్టండి. హెడ్‌లైట్ అద్దం లోపల నీటి మరకలున్నాయా చూడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, కారు కాసేపు ఎండలో ఉంచి, తర్వాత డోర్ తీసి వాసన చూడండి. లోపల అడుగుపెట్టగానే సెంటు గుప్పుమంటే నాకైతే అదే మొదటి అనుమానం.

ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ప్రమాదం, లోపం కనిపించకుండా ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ రెండు ముందు సీట్ల మధ్య, ఫ్లోర్‌కు బిగించి ఉంటుంది. వరదలో ముందు మునిగే వాటిలో అదొకటి. అది పాడైతే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. విండోలు మొరాయిస్తే భరించొచ్చు, ఇది అలా కాదు.

ఇక కాగితాలు. నంబర్ ప్లేటు చూసి ఏ ఊరి బండో కనిపెట్టేద్దామంటే కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ39 సిరీస్ వచ్చింది, శ్రీకాకుళం బండికైనా అనంతపురం బండికైనా అదే. ఆర్సీలో అడ్రసు, రిజిస్టర్ చేసిన ఆఫీసు చూడాలి. ఎన్నో ఓనరో ఎంపరివాహన్ యాప్‌లో కూడా తెలుస్తుంది. విజయవాడ, ఖమ్మం బండి అనగానే మునిగిందే అనుకోవద్దు, నిక్షేపంలాంటి బండ్లు అక్కడ బోలెడున్నాయి. కానీ 2024 సెప్టెంబరు తర్వాత కొద్ది నెలల్లో ఓనర్ మారి ఉంటే మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి.

అన్నిటికన్నా పనికొచ్చే కాగితం పాత ఇన్సూరెన్స్ పాలసీ. ఇప్పుడున్నది కాదు, వరద సమయంలో ఉన్నదీ దాని తర్వాతదీ. నో క్లెయిమ్ బోనస్ అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది 20 శాతంతో మొదలై, క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిస్తే 50 శాతానికి చేరుతుంది. క్లెయిమ్ చేస్తే తర్వాతి పాలసీలో సున్నా అవుతుంది. అదే ఓనర్ పేరు మీద అంతకుముందు 35 శాతం ఉండి, వరద తర్వాతి పాలసీలో సున్నా అయిందంటే ఆ ఏడాది ఏదో క్లెయిమ్ జరిగిందన్నమాట. చిన్న గీత పడి బంపర్ మార్పించుకున్నా సున్నా అవుతుంది కాబట్టి క్లెయిమ్ దేనికో వివరం అడగండి. పాలసీల మధ్య నెలల తరబడి గ్యాప్ ఉన్నా అడగండి. ఓనర్ మారితే బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది, అందుకని కొత్త ఓనర్ పాలసీలో సున్నా ఉండటం మామూలే. వట్టి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ల నష్టానికే తప్ప సొంత బండికి వర్తించనిది) అయితే దానివల్ల ఏమీ తెలియదు. అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ ఇవ్వమనండి. ఓనర్‌ను వెంట తీసుకెళ్తే పని తేలిక.

బీమా విషయంలో ఇంకొకటి కూడా తెలుసుకోండి. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద లెక్కకట్టి డబ్బిచ్చేస్తారు. మునిగిన బండి వేలంలో చౌకగా పోతుంది. చిన్న కారు ఐడీవీ తక్కువ కాబట్టి వైరింగు, సీట్లు, మాడ్యూళ్లు కలిపేసరికి ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. వేలంలో కొన్నవాడు దాన్ని విడిభాగాలకు వాడితే ఎవరికీ నష్టం లేదు. పైపైన తుడిచి, విషయం దాచి మధ్యతరగతి కుటుంబానికి అమ్మితేనే అన్యాయం. కొత్త కారు కొనలేక, స్కూటర్ మీద నలుగురు వెళ్లలేక ఎక్కువమంది కొనేది ఈ చిన్న కార్లే.

డీలర్ మాట నోటిమాటగా తీసుకోకండి. "ఈ బండి వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాదు" అని ఇన్వాయిస్ మీదే రాయించుకోండి. కుదరకపోతే కనీసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. మా డీలర్ కొనేముందు వాట్సాప్‌లో "నో యాక్సిడెంట్, నో ఫ్లడ్" అని పెట్టాడు. ఇప్పుడు మా చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. పాత వాహనాలు అమ్మే డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రవాణా శాఖ ఆథరైజేషన్ ఉండాలన్న నిబంధన వచ్చింది. ఆ సర్టిఫికెట్ చూపించమనండి.

ఇప్పటికే ఇరుక్కుపోయినవాళ్లు కార్పెట్ ఎత్తాక ఏదీ కడగకండి, మార్చకండి. ముందు ఫొటోలు, వీడియోలు తీయండి, మెకానిక్ చేత లెటర్‌హెడ్ మీద రిపోర్టు రాయించుకోండి. 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. మేం ఫిర్యాదు వేశాం. వైరింగ్, స్టీరింగ్ యూనిట్, మాడ్యూళ్లు కలిపి మా ఎలక్ట్రీషియన్ వేసిన ఎస్టిమేట్ కారు ధరలో మూడో వంతు దాటింది. ఆ కాగితం కూడా జతచేశాం.

ఈ ఆదివారం ఎవరైనా కారు చూడటానికి వెళ్తుంటే, బయల్దేరకముందే పాత పాలసీ కాపీలు వాట్సాప్‌లో పంపమని అడగండి. పంపడానికి నసుగుతుంటే ఇంకో బండి చూసుకోండి.