చెక్ భాషలోనే డిగ్రీనా, చెక్ నేర్చుకుని వేరే డిగ్రీనా: ఏది మేలు?

నేను చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నోలో ఉంటానని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ల పిల్లలు అడిగేది ఒకటే. "అక్కా, చెక్ భాషలో చదివితే ఫీజు లేదట కదా, మరి ఆ భాషే సబ్జెక్టుగా డిగ్రీ చేస్తే ఉద్యోగం వస్తుందా? లేక భాష నేర్చుకుని ఇంకేదైనా చదవాలా?" ఫీజు సంగతి నిజమే. ప్రభుత్వ యూనివర్సిటీలో చెక్ మాధ్యమంలో చదివితే, ఏ దేశంవాళ్లకైనా ట్యూషన్ ఫీజు ఉండదు. కోర్సు గడువు దాటి మరీ సాగదీస్తేనే కట్టాల్సి వస్తుంది. తేల్చుకోవాల్సింది రెండో ప్రశ్నే.

భాషే సబ్జెక్టుగా తీసుకుంటే ఏం చదువుతారో ముందు చెబుతాను, ఆ చదువంటే నాకు నిజంగా గౌరవం. ప్రాగ్‌లో 1348 నాటి చార్లెస్ యూనివర్సిటీ, బ్ర్నోలో మసారిక్, ఒలొమోత్స్‌లో పలాత్స్కీ, మూడూ దీనికి పేరున్నవే. మన పిల్లలకి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి బడిపిల్లలు కూడా విభక్తుల్ని మనలాగే వరస అంకెలతో చెబుతారు: ఒకటో విభక్తి, రెండో విభక్తి, అలా ఏడు. సంబోధన వాళ్లకి ఐదోది. తేడా ఎక్కడంటే, మనకి ఊరిపేరు అలాగే ఉండి చివర లో, కి, నుంచి చేరతాయి. వాళ్లకి పేరే మారిపోతుంది. ప్రాగ్‌ని వాళ్లు ప్రహ అంటారు. ప్రాగ్‌లో అనాలంటే "ఫ్ ప్రజె", ప్రాగ్‌కి అనాలంటే "దొ ప్రహి". ఆ హకారం జకారంగా ఎందుకు మారిందో తెలియాలంటే చెక్, రష్యన్ లాంటి భాషలకి మూలమైన పాత స్లావిక్ భాషదాకా వెళ్లాలి. ఈ డిగ్రీలో అంతదాకా తీసుకెళతారు.

గ్రాంథికం, వ్యావహారికం గొడవ వాళ్లకీ ఉంది. మంచిది అనడానికి పుస్తకంలో "దొబ్రీ", ప్రాగ్ వీధుల్లో "దొబ్రెయ్". ప్రాగ్‌వాళ్ల ట్రామ్ మా బ్ర్నోలో "షలినా". యోసెఫ్ దొబ్రోవ్‌స్కీ 1809లో చెక్ భాషకి పెద్ద వ్యాకరణం రాశాడు. రాసింది జర్మన్‌లో. ప్రమాణంగా తీసుకున్నది తన కాలపు జనం మాటని కాదు, అంతకు రెండు వందల ఏళ్ల పైచిలుకు కిందటి పుస్తక భాషని. రాతకీ మాటకీ ఉన్న ఎడం అక్కణ్ణుంచి వచ్చిందే. గిడుగువారి పోరాటం తెలిసినవాళ్లకి ఈ కథ ఇట్టే అర్థమవుతుంది.

మరి ఉద్యోగం? చెక్ మాట్లాడేవాళ్లు కోటికి పైగా ఉన్నారు, దాదాపు అందరికీ అది మాతృభాషే. అందుకని ఉత్త చెక్‌కి ఎవరూ జీతం ఇవ్వరు. దానికి తోడు నీ చేతిలో ఇంకేముంది అని చూస్తారు. నా లెక్కలో మొత్తం తేలేది ఇక్కడే.

నేను పొద్యెబ్రదిలో ఏడాది భాషా కోర్సు చేశాను. చార్లెస్ యూనివర్సిటీ ఆ ఊరి కోటలో నడిపే కోర్సు అది (దీనికి మాత్రం ఫీజు ఉంటుంది, తక్కువేం కాదు). నా పక్క బల్ల మీద కూర్చున్న వియత్నాం అమ్మాయి తర్వాత చెక్ భాష తీసుకుంది, నేను కెమిస్ట్రీ తీసుకున్నాను. ఇవాళ ఫోన్లో ఆమె చెక్ వింటే పరాయి దేశం మనిషని ఇక్కడివాళ్లే పోల్చుకోలేరు. ఆమెకి ఏనాడూ పని కరువు లేదు. 1970, 80ల్లో పనికోసం వచ్చిన వియత్నాం కుటుంబాలు ఇక్కడ వేలల్లో స్థిరపడ్డాయి. ఆసుపత్రి, బడి, కోర్టు, ప్రతిచోటా రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలి. చెక్‌కి తోడు తెలుగు వచ్చినవాళ్లకి అలాంటి గిరాకీ లేదు, మనవాళ్లు అంతమంది లేరు, ఉన్నవాళ్లు ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తారు. ఆమెకి మేలైన దారి మనకి మేలు కాకపోవడానికి కారణం ఇదే. 2022లో ఉక్రెయిన్‌వాళ్లు వచ్చాక చెక్ నేర్పే టీచర్లకి పని పెరిగిన మాట నిజమే. కానీ అక్కడ మన పోటీ పుట్టుకతో చెక్ వచ్చినవాళ్లతో.

నా ఇంటర్వ్యూ ఇంకోలా జరిగింది. నీటి పరీక్షల ల్యాబ్. ఒక రిపోర్టు ముందు పెట్టి ఇందులో తప్పెక్కడుందో చెప్పమన్నారు. నైట్రేట్ల అంకె పక్కన యూనిట్ తప్పు పడింది. చెప్పాను, చెబుతూ రెండు చోట్ల విభక్తి తప్పాను. ఎదురుగా ఉన్నావిడ విభక్తి సరిచేసి, యూనిట్ గురించే ఇంకో ప్రశ్న వేసింది. వారంలో రమ్మన్నారు. మనకీ వాళ్లకీ ఇలాంటి పనులతో సంబంధం పాతదే: రామచంద్రపురం బీహెచ్ఈఎల్ 1960ల్లో చెకొస్లొవేకియా (చెక్, స్లొవేకియా అప్పుడు ఒకే దేశం) సాంకేతిక సహకారంతో వచ్చిందే కదా.

ఇంకో మాట. ఇక్కడ రెగ్యులర్ డిగ్రీ పూర్తిచేస్తే, సబ్జెక్టు ఏదైనా, విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. ఉద్యోగం వెతుక్కోవడానికి తొమ్మిది నెలలు ఉండనిస్తారు. శాశ్వత నివాసానికి 2021 నుంచి ఏ2 స్థాయి (ఆరు మెట్లలో రెండోది) చెక్ పరీక్ష పాసవ్వాలి, యూనివర్సిటీలో చెక్ మాధ్యమంలో చదివినవాళ్లకి అదీ అక్కర్లేదు. ఇవేవీ భాషా డిగ్రీ చేసినవాళ్లకి ఎక్కువ ఇవ్వవు.

ఇంగ్లిష్ మాధ్యమం, కన్సల్టెన్సీలు ఎక్కువగా చూపించేది: ఏడాదికి వేల యూరోలు కట్టి, చదువయ్యాక చెక్ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఇక "చెక్ ఎందుకు, జర్మన్ చాలదా" అంటే, అది జర్మనీ వెళ్లేవాళ్ల లెక్క.

కాబట్టి ఎవరడిగినా ఏడాది చెక్, ఆ తర్వాత చెక్‌లోనే ఇంకో సబ్జెక్టు అని చెబుతాను. ఒక్కరికి తప్ప. పోయిన నెల ఫోన్ చేసిన గుంటూరు అమ్మాయికి కథలంటే ప్రాణం. హిందీ రచయిత నిర్మల్ వర్మ 1959లో ప్రాగ్ వచ్చి, చెక్ నేర్చుకుని, నేరుగా హిందీలోకి అనువాదాలు చేశారు. తెలుగులో నా కంటపడిన చెక్ కథలన్నీ ఇంగ్లిష్ మీదుగా వచ్చినవే. ఆ అమ్మాయి భాషే చదవాలని నాకూ ఉంది. అయితే రెండు సబ్జెక్టులు కలిపి చదివే డిగ్రీలు ఇక్కడ ఉన్నాయి. చెక్‌తో పాటు కూడు పెట్టే ఇంకో సబ్జెక్టు జత చేసుకోమన్నాను. చాలా ఫ్యాకల్టీలకి దరఖాస్తు గడువు ఫిబ్రవరి ఆఖరు. ఇంటర్ సర్టిఫికెట్‌కి ఇక్కడి గుర్తింపు తెచ్చుకోవడానికి సమయం పడుతుంది, ఆ కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టమని చెప్పాను.