సీరియల్ భార్య గడప దాటింది, భర్త సోఫా దిగలేదు

స్టార్ మా సీరియళ్లను పాతవాటితో సహా జియోహాట్‌స్టార్‌లో వరుసగా చూడవచ్చు. రోజుకొక ఎపిసోడ్ చొప్పున, పొయ్యి మీద తాలింపు వేస్తూ ఒక చెవి టీవీ వైపు పడేసినంత కాలం వీటిలో మార్పంటూ ఏమీ కనిపించదు. 2017 అక్టోబరులో మొదలైన ‘కార్తీక దీపం’ను, 2023లో వచ్చిన ‘బ్రహ్మముడి’ని, ఆ రెండింటి నడుమ నడిచిన కథలను పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడే ఆలుమగల బంధానికి రచయితలు గీసిన గీతలు ఎక్కడ జరిగాయో, ఎక్కడ ఉన్నచోటే ఉండిపోయాయో తెలుస్తుంది. హన్మకొండలో కూర్చుని చూసిన ప్రేక్షకురాలిగా నా అంచనా ఏమిటంటే, భార్య పాత్ర చాలా దూరం నడిచింది గాని భర్త పాత్ర ఇంకా తటపటాయిస్తూనే ఉంది.

మలయాళ ‘కరుత్తముత్తు’ ఆధారంగా వచ్చిన ‘కార్తీక దీపం’ 2023 జనవరి దాకా నడిచింది. నల్లని మేనిఛాయ గల దీపను కథానాయికగా నిలబెట్టడం, భర్త అనుమానించి దూరం పెట్టిన తరువాత ఆమె వంట చేసి సొంతంగా బతకడం అప్పటికి మెచ్చదగిన విషయాలే. దీపగా నటించిన ప్రేమీ విశ్వనాథ్‌ను ఇప్పటికీ జనం వంటలక్క అనే పిలవడం ఊరికే రాలేదు. అయితే ఆ కథలో భర్త డాక్టరు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే పితృత్వపు సందేహాన్ని ఏళ్ల తరబడి మోసిన ఆ డాక్టర్ బాబును మోసపోయిన మంచివాడిగానే చూపించారు తప్ప, నేరం చేసినవాడిగా ఒక్కనాడూ నిలదీయలేదు. తప్పంతా అతన్ని కోరుకుని కుట్రలు పన్నిన మోనిత ఖాతాలో పడింది. మగవాడి తప్పుకు కారణంగా మరో ఆడదాన్ని వెతికి పెట్టే ఈ అలవాటే తెలుగు సీరియల్‌కు పట్టిన పాత జబ్బు.

2020 ఫిబ్రవరిలో మొదలైన ‘ఇంటింటి గృహలక్ష్మి’ ఆ జబ్బును సగం నయం చేసింది. బెంగాలీ ‘శ్రీమయి’ దీనికి మూలం. అదే కథ హిందీలో ‘అనుపమా’గా వచ్చింది. పెళ్లయి పాతికేళ్లు దాటిన, పెద్దగా చదువుకోని, ఎదిగిన పిల్లలున్న తులసిని కథకు కేంద్రంగా పెట్టడమే ఒక సాహసం, ఎందుకంటే అంతవరకు ఆ వయసు ఆడవాళ్లకు మన సీరియళ్లలో అత్తగా ఏడిపించడమో, తల్లిగా ఏడవడమో తప్ప వేరే పని ఉండేది కాదు. భర్త నందు ఆఫీసులో పనిచేసే లాస్యతో సంబంధం పెట్టుకున్నాడని తెలిశాక తులసి విడాకుల దాకా వెళుతుంది, ఆ విడాకులను కథ ఆమె పతనంగా చూపదు. కొడుకును కాదని కోడలి పక్షాన నిలబడే మామ పరంధామయ్య పాత్ర నాకు ఈ సీరియల్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది. నీతులు చెప్పే ముసలాయనగా కాక, తన కొడుకు చేసింది తప్పని ఇంట్లో అందరి ముందూ అనగలిగిన తండ్రిగా ఆయన కనిపిస్తాడు. కాని నయం కాని సగం లాస్యలో ఉంది. ఉద్యోగం చేసుకుంటూ, తనకు నచ్చినట్టు తయారై, నోరు తెరిచి మాట్లాడే స్త్రీ కాబట్టి ఆమె కొంపలు కూల్చేదే అయి తీరాలన్న లెక్కను రచయితలు మార్చలేదు. తులసి సంపాదిస్తే ఆత్మగౌరవం, లాస్య సంపాదిస్తే పొగరు!

నిజంగా కొత్తదనం కనిపించింది 2021 మార్చిలో వచ్చిన ‘జానకి కలగనలేదు’లో. ఇది కూడా హిందీ ‘దియా ఔర్ బాతీ హమ్’ నుంచి తెచ్చుకున్నదే. ఐపీఎస్ కావాలని కలగన్న జానకి, మిఠాయి కొట్టు నడిపే రామ, ఎక్కువ చదివిన కోడలు వద్దనే అత్త జ్ఞానాంబ, ఈ ముగ్గురి మధ్య నడిచే కథలో భార్య తనకంటే ఎక్కువ చదువుకున్నదని తెలిసినా చిన్నబుచ్చుకోని భర్త ఉన్నాడు. మన దగ్గర ఇంతకంటే అరుదైన పాత్ర మరొకటి లేదు. అయినా ఒక మెలిక ఉంది: రామ ఇచ్చే ప్రోత్సాహమంతా అమ్మ అనుమతికి లోబడి ఉంటుంది, జానకి పుస్తకం పట్టే ముందు ఇంటి చాకిరీ ముగించే తీరాలి. చేతిలో పనితనం ఉన్న ఆ మిఠాయి మాస్టారు ఇంట్లో భార్యకు ఒక పూట వండి పెట్టడం పెద్ద ఘట్టంగా, నేపథ్య సంగీతంతో సహా వస్తుందంటే, అది మామూలు విషయం కాదని సీరియలే ఒప్పుకున్నట్టు. రాను రాను తోడికోడలు మల్లిక కుట్రలే కథను మింగేశాయి.

‘బ్రహ్మముడి’లో ప్రధాన జంట రాజ్, కావ్యల కంటే పక్క జంటే ఆసక్తిగా ఉంది. పోలీసు ఉద్యోగం వైపు నడిచే అప్పు, కవిత్వం రాసుకునే మెత్తని మనిషి కల్యాణ్. పాత్రలు తారుమారు చేయడం బాగుంది గాని, ధైర్యమున్న అమ్మాయి అనగానే ఆమెకు ప్యాంటు, చొక్కా, మగరాయుడి నడక తగిలించడం దేనికి? మా ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి రుద్రదేవ మహారాజుగా చెలామణి కావలసి వచ్చిందంటే అది 13వ శతాబ్దం అని సరిపెట్టుకోవచ్చు.

ఈ సీరియళ్లన్నిటిలో నాకు పెద్ద లోటుగా అనిపించింది ఇళ్ల తీరు. డూప్లెక్స్ బంగళా, మధ్యలో మెట్లు, పట్టుచీరతో నిద్రపోయే కోడళ్లు. వీటిని చూసేవారిలో నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చూసే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. భర్త దుబాయికో మస్కట్‌కో పోయి ఏళ్ల తరబడి రాకపోతే, పొలం కౌలుకిచ్చేది, బ్యాంకుకు వెళ్లేది, పిల్లల ఫీజులు కట్టేది, సంఘంలో అప్పు తీసుకుని నెలనెలా కిస్తీ తీర్చేది వాళ్లే. ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది కూడా చాలాచోట్ల మహిళా సంఘమే. ఇంటి పెద్ద ఎవరు అన్న ప్రశ్న వాళ్ల ఇళ్లలో ఎప్పుడో తేలిపోయింది, లేదా ఆయన సెలవు మీద ఇంటికి వచ్చిన రెండు నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. ఆ రెండు నెలల ఇరకాటం మీద ఒక మంచి సీరియల్ తీయవచ్చు. దానికి బదులు బెంగాలీ, మలయాళం, హిందీల నుంచి ఉమ్మడి కుటుంబాలను దిగుమతి చేసుకుంటున్నారు. మా మాట తీరు వినిపించినా ఎక్కువగా పనిమనిషి నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపిస్తుంది. ఇంటి యజమానురాలు మా యాసలో మాట్లాడటం అపురూపం.

కొత్తగా చూడదలచినవారు ‘జానకి కలగనలేదు’ తొలి భాగంతో మొదలుపెట్టి, మల్లిక ఎత్తుగడలు శ్రుతి మించిన చోట ఆపేయవచ్చు. ‘గృహలక్ష్మి’ని విడాకుల ఘట్టం దాకా చూడటం మేలు, అందునా ఇంట్లో మగవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని. ‘బ్రహ్మముడి’ అప్పు, కల్యాణ్‌ల కోసం పరవాలేదు. ‘కార్తీక దీపం’ మాత్రం వంటలక్క మీద అభిమానం, ఆ డాక్టర్ బాబు మీద అంతులేని ఓపిక ఉన్నవారికే.