జనగామ–కాజీపేట మధ్య ఒక చిన్న స్టేషన్: పాస్ ప్రయాణికుడి సమీక్ష

జనగామ దాటాక కాజీపేట వచ్చేలోపు యశ్వంతాపూర్, రఘునాథపల్లి, ఘనపూర్, నష్కల్, పెండ్యాల అని వరసగా చిన్న స్టేషన్లు తగులుతాయి. వాటిలో ఒకటి మాది. ఏదో చెప్పను. కౌంటర్లో ఉండేది ఒక్కరే, స్టేషన్ పేరు రాస్తే ఆయన పేరు రాసినట్టే. ఉద్యోగం హనుమకొండలో, ఇల్లు ఊళ్లో కావడంతో ఏళ్లుగా నెల పాస్ మీద ఇక్కడి నుంచి కాజీపేట పోయి వస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, కాలేజీ పిల్లలు "రైలు మంచిదా, బస్సు మంచిదా" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది.

ముందు డబ్బుల సంగతి, ఎందుకంటే రైలుకి అతి పెద్ద బలం అదే. సెకండ్ క్లాస్ నెల పాస్ సుమారు 15 సార్లు ఒకవైపు వెళ్లే టికెట్ల ఖర్చుకు వస్తుంది. వారం పదిరోజులు పోయి వచ్చేసరికి గిట్టుబాటైపోతుంది, మిగతా నెలంతా ఉత్తగనే. మూడు నెలల పాస్ ధర నెల పాస్‌కు 2.7 రెట్లు. గడువు అయిపోవడానికి 10 రోజుల ముందే రెన్యువల్ చేసుకోవచ్చు కాబట్టి చివరి రోజు లైన్లో నిలబడే టెన్షన్ అక్కర్లేదు. రిజర్వేషన్ బోగీలో ఈ పాస్ చెల్లదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనపు ఛార్జీ కట్టాలి. "పాస్ ఉంది కదా సార్" అని టీసీతో వాదించి గెలిచినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

కరోనా తర్వాత కొన్నాళ్లు ఈ లెక్కంతా తారుమారైంది. 2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్లు తిరిగి మొదలైనప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు తగిలించి కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 చేశారు. అదే బండి, అవే స్టేషన్లు, అదే ఆలస్యం. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ మళ్లీ 10కి దిగలేదు. ఈలోగా 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. పొద్దుటి బోగీలో పూలమ్మేవాళ్లు, నర్సులు, టీచరమ్మలు ఒక్కసారిగా తగ్గిపోయారు. ఇప్పుడు కొందరు తిరిగి వస్తున్నారు. మా వాడకట్టు అక్క ఒకామె "ఫ్రీ అని ఎక్కితే కాలు పెట్ట జాగ లేదు తమ్మీ, పది రూపాయలు పోతే పోనీ, కూసోని పోవచ్చు" అన్నది. నా లెక్కలో రైలుకి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు.

ఇక టైమ్. బండి కదులుతూ ఉంటే కాజీపేట ఎంతో దూరం కాదు. కదలడమే కష్టం. దీనికి కారణం లైను చరిత్రలోనే ఉంది. నిజాం కాలంలో 1874లో వాడి జంక్షన్ (ఇప్పుడు కర్ణాటకలో ఉంది) నుంచి సికింద్రాబాద్ దాకా పట్టాలు పడ్డాయి. 1886లో వరంగల్ చేరాయి, 1888లో ఇల్లెందు దగ్గరి సింగరేణి బొగ్గు గనులకు, 1889లో బెజవాడకు. బొగ్గు కోసం, కోస్తాతో లంకె కోసం వేసిన దారి అది. మా ఊళ్లు మధ్యలో ఉన్నాయి, అంతే. తర్వాత 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి కలిసింది, కాజీపేట మూడు దిక్కుల జంక్షన్ అయింది. ఈరోజుకీ సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయేవి, వరంగల్ మీదుగా విజయవాడ పోయేవి, గూడ్సులు, అన్నీ మా రెండు పట్టాల మీదే. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే మా పుష్‌పుల్ ప్యాసింజర్‌ను లూప్‌లో, అంటే పక్క లైన్లో పెడతారు. అది పోయాక ఇంకోటి.

అసలు పరీక్ష కాజీపేట ఔటర్ సిగ్నల్. స్టేషన్ కనబడుతుంటుంది, సిగ్నల్ పడదు. బోగీలో ఒకేసారి ఫోన్లు మొదలవుతాయి: "ఔటర్ల ఉన్న సార్, పది నిమిషాల్ల వస్త." అవతల సార్‌కు కూడా ఈ మాట కంఠస్థం. ఉదయం హాజరు గట్టిగా చూసే ఆఫీసైతే ఒక బండి ముందుది పట్టుకోండి. లేదంటే బస్సే. బయల్దేరే ముందు ఫోన్‌లో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ చూసుకుంటే ఇంట్లో ఇంకో చాయ్ తాగొచ్చా లేదా తెలుస్తుంది. డేటా లేకున్నా బండిలో కూర్చున్నప్పుడు సెల్ టవర్లను బట్టి ఎక్కడున్నామో చూపిస్తుంది.

ఇక స్టేషన్. పాత గది గోడలు మందం, ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. బయట బెంచీ మీద కర్చీఫ్ వేయకుండా కూర్చోవద్దు. బొగ్గు వాగన్లు పోయిన పూట చెయ్యి ఆనిస్తే అరచేయి నల్లగా లేస్తుంది. మంచినీళ్ల నల్లా పనిచేస్తుంది. బాత్రూంకి తాళం, తాళంచెవి అడిగి తెచ్చుకోవాలి. ఆడవాళ్లు ఎంతమంది వెళ్లి అడుగుతారు?

రెండో ప్లాట్‌ఫారం ఎత్తు తక్కువ. గంప తెచ్చుకునే పెద్దమ్మలు ముందు గంపను లోపలికి అందించి, తర్వాత కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతారు. కింద ఎవరో ఒకరు నడుం దగ్గర ఆసరా పట్టాలి. బండి ఆగేది నిమిషం. లూప్‌లో గూడ్సు నిలబడ్డ రోజు ఇంకా ఘోరం. వంతెన ఆ చివర ఉంటుంది, బండేమో వచ్చేస్తుంటుంది. జనం వాగన్ల మధ్య కప్లింగు కింద నుంచి దూరిపోతారు. ఆ గూడ్సు ఎప్పుడు కదులుతుందో గార్డుకీ డ్రైవరుకీ మాత్రమే తెలుసు. ప్లాట్‌ఫారం మారిందని మైకులో కాస్త ముందు చెప్తే ఇందులో సగం తప్పుతుంది. నేను ఇదే మాట రెండుమూడు సార్లు రాతపూర్వకంగా ఇచ్చాను. రసీదైతే ఇచ్చారు.

టికెట్ ఫోన్‌లో తీసుకునేవాళ్లకు ఒక మాట: పట్టాల పక్కన నిలబడి ప్రయత్నిస్తే యాప్ జీపీఎస్ చూసి ఒప్పుకోదు. గేటు బయట కిరాణా కొట్టు దాకా వెళ్లి తీసుకోండి, లేదా కౌంటర్ పక్క గోడకున్న క్యూఆర్ స్కాన్ చేయండి.

హైదరాబాద్ పనులుంటే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. మా ఆఫీసు టైముకి పనికిరాదు, పోయేది పొద్దెక్కాక, వచ్చేది మధ్యాహ్నం. 1969లో మొదలైనప్పుడు ఆవిరి ఇంజిన్ బండ్లలో దేశంలోనే వేగమైనదని దానికి పేరు. ఇప్పుడు ఊరూరా ఆగుతూ పోతుంది. నాకైతే ఈ గోల్కొండే నచ్చుతుంది. వేగంగా పోయే బండి మా దగ్గర ఎందుకాగుతుంది?

హనుమకొండకు సొంత రైల్వే స్టేషన్ లేదన్నది మరిచిపోవద్దు. కాజీపేటలో దిగి ఎన్ఐటీ మీదుగా షేర్ ఆటోలోనో సిటీ బస్సులోనో పోవాలి. ఆటో అయితే రోజు రోజుకీ ఇచ్చేది కలిపితే పాస్ ఖర్చును దాటేస్తుంది. పని కాజీపేట చుట్టుపక్కలైతే కళ్లు మూసుకుని పాస్ తీసుకోండి. హనుమకొండ చౌరస్తా దాటి పోవాల్సిన మగవాళ్లు రెండు ఖర్చులూ కాగితం మీద వేసుకోండి. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి సీటు దొరికే రూటైతే బస్సే నయం. బైకు స్టేషన్ దగ్గర పెట్టి పోయేవాళ్లకు వేపచెట్టు కింద జాగ ఉంది, డబ్బులడగరు. హెల్మెట్ మాత్రం వెంట తీసుకెళ్లండి.