328 అని చూపించి 168 అంటగట్టారు: మొదటి బోర్డు కొనేవాళ్లు ఇది చదివి కొనండి

ఎలక్ట్రానిక్స్ నేర్చుకుందామని మొదటిసారి మైక్రోకంట్రోలర్ బోర్డు (మనం రాసిన కోడ్‌తో ఎల్‌ఈడీలను, సెన్సర్లను నడిపించే చిన్న చిప్ బోర్డు) కొనబోతున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నాకు వచ్చిన బోర్డూ, అమ్మినవాళ్లు ఫొటోలో చూపించిన బోర్డూ ఒకటి కాదు. ఆ సంగతి నాకు పద్దెనిమిదో రోజున తెలిసింది. వాపసు గడువు పదో రోజుతోనే అయిపోయింది. అమ్మినవాళ్ల పేరు రాయను. రేపు ఇంకో పేరుతో వస్తారు, పైగా ఇలాంటి సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు. సరుకును ఎలా గుర్తుపట్టాలో చెబితేనే మీకు ఉపయోగం.

నేను కొన్నది ఆర్డుయినో కంపెనీ చేసే నానో అనే చిన్న బోర్డుకు నకలు. నకలు అని తెలిసే కొన్నాను. అందులో తప్పేమీ లేదు. ఆర్డుయినో డిజైన్ అందరికీ తెరిచి పెట్టిందే, ఎవరైనా చూసి తయారు చేసి అమ్ముకోవచ్చు. ఆ కంపెనీ పేరూ, గుర్తూ వేసుకుని అమ్మితేనే దొంగ సరుకు. కాబట్టి 'నకలు కొన్నావుగా, అనుభవించు' అని దయచేసి అనకండి. శుభ్రంగా పనిచేసే నకళ్లు ఇప్పుడు నా దగ్గరే రెండున్నాయి. నా గొడవ వేరు. పేజీలో ఏటీమెగా328పీ చిప్ అన్నారు. ఫొటోలో పిన్నులు అతికించి ఉన్నాయి. యూఎస్‌బీ కేబుల్ కూడా ఇస్తామన్నారు. ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పినట్టు రాలేదు.

ముందు పిన్నుల సంగతి. డబ్బా తెరిస్తే బోర్డు ఒక చోట, పిన్నుల వరసలు ఒక చోట. సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర లేదు. పిన్నులను రంధ్రాల్లో దూర్చి, బోర్డును బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ చేయకుండా వైర్లు గుచ్చి కలిపే పలక) మీద కాస్త వాలుగా పెడితే తగులుతుందిలే అనుకున్నాను. తగులుతుంది, ఊడుతుంది, మళ్లీ తగులుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. కోడ్ తప్పో, వైరు వదులో, సెన్సర్ పోయిందో తేల్చుకోవడానికి దారే ఉండదు. చివరికి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సోల్డర్ చేయించుకున్నాను. రెండు రోజులు అలా పోయాయి.

తరవాత కేబుల్. కంప్యూటర్‌కు తగిలించగానే బోర్డు మీద ఎల్‌ఈడీ మినుకుమినుకుమంది. బోర్డు బ్రహ్మాండంగా ఉందని మురిసిపోయాను. కానీ కంప్యూటర్‌లో పోర్ట్ కనిపించదు. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు డేటాకు. వాళ్లిచ్చిన కేబుల్‌లో కరెంటు తీగలు మాత్రమే ఉన్నాయి, అంటే వట్టి చార్జింగ్ కేబుల్. అది తెలియక ఒక సాయంత్రమంతా డ్రైవర్లు తీసేసి, మళ్లీ ఎక్కించి, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తూ కూర్చున్నాను. డేటా కూడా పంపగలిగిన కేబుల్ అయితేనే బోర్డుకు పనికొస్తుంది. నానోలో చాలావాటికి పాత మినీ యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉన్న ఫోన్ కేబుల్ పట్టదు. అది కూడా కొనేముందు చూసుకోండి.

ఇంకో మాట. అలా తగిలించగానే ఎల్‌ఈడీ మినుకుమనడం దేనికీ రుజువు కాదు. చాలా బోర్డుల్లో బ్లింక్ ప్రోగ్రామ్ ముందే ఎక్కించి పంపుతారు. మీరు చేయాల్సింది ఏమిటంటే, ఆ బ్లింక్ కోడ్‌లో 1000 అని ఉన్నచోట 100 పెట్టి అప్‌లోడ్ చేయడం. ఎల్‌ఈడీ వేగం పెరిగితేనే మీ కోడ్ బోర్డులోకి వెళ్లినట్టు.

నా కోడ్ వెళ్లలేదు. కేబుల్ మార్చాను, బోర్డు మీది యూఎస్‌బీ చిప్‌కు కావాల్సిన సీహెచ్340 డ్రైవర్ వేశాను, పోర్ట్ కనిపించింది. అయినా 'నాట్ ఇన్ సింక్' (కంప్యూటర్‌కూ బోర్డుకూ మాట కలవలేదు) అంటూ ఎర్ర అక్షరాల్లో పదిసార్లు ఒకటే పాట. వెతికితే తెలిసింది: నానో బోర్డుల్లో రెండు రకాల బూట్‌లోడర్లున్నాయి (బూట్‌లోడర్ అంటే మన కోడ్‌ను యూఎస్‌బీ నుంచి అందుకుని చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్). 2018 నుంచి అసలు కంపెనీ బోర్డులు కొత్తదానితో, అంటే 115200 వేగంతో వస్తున్నాయి. నకళ్లలో చాలావాటికి ఇప్పటికీ పాతదే, 57600. కోడ్ రాసే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో చిప్‌ను ఎంచుకునే మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ అన్నది ఎంచుకుంటే సరిపోతుందన్నారు. ఎంచుకున్నాను. సరిపోలేదు. విసుగొచ్చి ఆ మెనూలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. ఏటీమెగా168 అన్నది నొక్కగానే అప్‌లోడ్ అయిపోయింది!

ఎగిరి గంతేశాను. 328 బోర్డుకు 168 ఎందుకు సరిపోయిందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జవాబు ఐదో రోజునే నా ఎదురుగా ఉంది, నేను దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయాను.

అక్కడి నుంచి ఎల్‌ఈడీలు వెలిగాయి, బటన్ పనిచేసింది, బజర్ మోగింది. తరవాత 128 బై 64 చుక్కల చిన్న ఓలెడ్ తెర కొన్నాను. వీడియోలో చూపించినట్టే ఏ4, ఏ5 పిన్నులకు కలిపాను. తెర నల్లగానే ఉంది. తెర అడ్రస్ (బోర్డు దాన్ని పిలిచే నంబరు) తప్పేమోనని, కలిపినవాటిని వెతికే స్కానర్ ప్రోగ్రామ్ నడిపితే తెర చక్కగా పలుకుతోంది. కోడ్ కంపైల్ అవుతోంది, అప్‌లోడ్ అవుతోంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. తెర పోయిందేమోనని ఇంకోటి కొన్నాను. అదీ నల్లగానే. వైర్లు మార్చాను, తెరను నడిపే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) మార్చాను, కోడ్ మొదటి నుంచి మళ్లీ టైప్ చేశాను. నాకు ఈ విద్య అబ్బదేమోనని నిజంగా అనిపించింది.

ఎనిమిదో రోజున అమ్మినవాళ్లకు రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. 'బ్లింక్ నడుస్తోంది కదా సార్, అంటే బోర్డు పర్‌ఫెక్ట్. మీ కోడ్‌లో ఏదో తప్పుంటుంది, కొత్తలో అందరికీ ఇలాగే ఉంటుంది' అన్నారు. నమ్మాను. ఆడలేక మద్దెల ఓడన్నాడని నన్నే నవ్వుతారేమోనని ఇంకో మాట మాట్లాడలేదు. కానీ నిజంగానే మద్దెల ఓడు. ఇలాంటి సరుకు అమ్మేవాళ్ల వ్యాపారమంతా మన ఈ మొహమాటం మీదే నడుస్తోంది. కొత్తవాడికి బోర్డు తప్పూ తన తప్పే అనిపిస్తుంది, అది తేల్చుకునేలోపు గడువు దాటిపోతుంది.

చివరికి ఈ పనిలో చేయి తిరిగిన మిత్రుడికి ఫోన్ చేశాను. కథంతా విని ఒకే ప్రశ్న అడిగాడు: "చిప్ మీద ఏం రాసుందిరా?" చూడలేదన్నాను. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే మెగా168పీఏ అని స్పష్టంగా ఉంది. అక్షరాలు గీకలేదు, చెరపలేదు. నేను చదవనని వాళ్లకు అంత నమ్మకం!

చిప్ మారితే తెర ఎందుకు వెలగదు? 328పీలో ఫ్లాష్ (కోడ్ ఉండే చోటు) 32 కేబీ, ర్యామ్ (కోడ్ నడిచేటప్పుడు వాడుకునే చోటు) 2 కేబీ. 168లో ఫ్లాష్ 16, ర్యామ్ 1. ఆ తెర మీద మొత్తం 8,192 చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక బిట్ చొప్పున బొమ్మ దాచుకోవడానికే 1,024 బైట్లు కావాలి. 168లో ఉన్న ర్యామ్ మొత్తం సరిగ్గా అంతే. మిగతా ప్రోగ్రామ్ ఎక్కడ కూర్చోవాలి? నేను వాడిన లైబ్రరీ ఆ 1,024 బైట్లను ప్రోగ్రామ్ మొదలయ్యాక అడుగుతుంది. అందుకే కంపైల్ చేసేటప్పుడు ఏ హెచ్చరికా రాలేదు. చోటు దొరక్కపోతే చప్పుడు చేయకుండా ఊరుకుంటుంది. నేను తెరను తిట్టుకుంటూ కూర్చున్నాను, పాపం.

చిప్ ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపాను. గడువు అయిపోయింది సార్ అన్నారు. పేజీ మళ్లీ తెరిచి చూస్తే చిట్టచివర చిన్న అక్షరాల్లో 'స్టాక్‌ను బట్టి చిప్ మారవచ్చు' అని ఉంది. మొదట్నుంచీ ఉందో, తరవాత పెట్టారో చెప్పలేను. మీరు కొనేముందు పేజీని కింద దాకా చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డబ్బా చేతికొచ్చిన రోజే చిప్ మీద అక్షరాలు చదవండి. మెగా328పీ అని ఉండాలి. ఎల్‌జీటీ8ఎఫ్328పీ అని ఉంటే అది వేరే కంపెనీ చిప్. చెడ్డదేమీ కాదు, కానీ దానికి వేరే బోర్డ్ ఫైళ్లు వేసుకోవాలి. మొదటి బోర్డుగా ఆ తలనొప్పి ఎందుకు? మెనూలో 328 అన్న రెండు ఎంపికలూ పనిచేయక, 168 మాత్రమే పనిచేస్తే నాలాగా గంతులేయకండి, వాపసు బటన్ నొక్కండి. చిప్ గీకి పైన కొత్త అక్షరాలు అచ్చేసే ఘనులూ ఉన్నారు. అనుమానమొస్తే ఇంకో ఆర్డుయినోను ప్రోగ్రామర్‌గా పెట్టి, ఐఎస్‌పీ పిన్నుల (చిప్‌తో నేరుగా మాట్లాడే పిన్నులు) ద్వారా చిప్ సంతకం (చిప్ రకాన్ని చెప్పే కోడ్) చదివించవచ్చు. 328పీ అయితే 1ఈ 95 0ఎఫ్ అని వస్తుంది. మధ్యలో 95 బదులు 94 వచ్చిందంటే అది 16 కేబీ చిప్. యూఎస్‌బీ ద్వారా చదివితే కుదరదు, అప్పుడు జవాబు చెప్పేది చిప్ కాదు, బూట్‌లోడర్.

మరి ఏది కొనాలి అంటే, నా మాట ఆర్డుయినో వాళ్లదే ఊనో ఆర్3 అనే బోర్డు ఆకారంలో ఉన్నది. నకలైనా ఫర్వాలేదు. అందులో సాకెట్లు ముందే అతికించి ఉంటాయి కాబట్టి సోల్డరింగ్ గొడవ లేదు. పొడవాటి చిప్‌ను సాకెట్‌లో గుచ్చిన రకం తీసుకోండి. అక్షరాలు కళ్లతోనే చదవొచ్చు, పొరపాటున కాలిపోతే చిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. కాలుతుంది కూడా. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీఆంపులు దాటకుండా తీసుకోవాలి, 40 దాటితే ఇక దేవుడే దిక్కు. కొత్త ఊనో ఆర్4 చాలా బలమైనదే, 32 కేబీ ర్యామ్ ఉంది. కానీ దాని పిన్ను 8 మిల్లీఆంపులే ఇస్తుంది. పాత పాఠంలో ఉన్నట్టు 220 ఓమ్‌లు పెట్టి ఎర్ర ఎల్‌ఈడీ కలిపితే దాదాపు 14 తీసుకుంటుంది. పెద్ద రెసిస్టర్ వేసుకోవాలి.

ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డులో వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, 520 కేబీ ర్యామ్ ఉంది, ఇంకా ఊనో ఎందుకని చాలామంది అడుగుతారు. నిజమే, రెండో బోర్డుగా నేనూ అదే కొన్నాను. అయితే అది 3.3 వోల్టుల చిప్. దూరం కొలిచే హెచ్‌సీ ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను నుంచి 5 వోల్టులు పంపుతుంది. దాన్ని నేరుగా కలిపితే చిప్ దెబ్బతినొచ్చు, రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించి ఇవ్వాలి. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటికి ఎల్‌ఈడీ కలిపి వెలగలేదని ఏడిస్తే లాభం లేదు. వైఫై ఆన్‌లో ఉంటే ఏడీసీ2 అనే గుంపు పిన్నుల్లో అనలాగ్ రీడింగులు రావు. ఇవన్నీ తెలిశాక మంచి బోర్డే. తెలియకముందు, బోర్డు తప్పో మన తప్పో తేలని చోట్లు ఇందులో మరీ ఎక్కువ.

పైథాన్ వచ్చినవాళ్లకు రాస్‌బెర్రీ పై పికో అనే బోర్డు బాగుంటుంది. కాకపోతే మామూలు పికోకు పిన్నులు అతికించి రావు, పేరు చివర హెచ్ ఉన్నది అడగండి. అదీ 3.3 వోల్టులదే. చిన్నపిల్లలకైతే మైక్రోబిట్ అనే బోర్డు.

నా 168 బోర్డును పారేయలేదు. పూలకుండీలో మట్టి ఆరితే బజర్ మోగించే పనికి పెట్టాను. దానికి 1 కేబీ ర్యామ్ ధారాళంగా సరిపోతోంది.