మైలేజ్ ట్రాఫిక్‌లో, మూలుగు ఘాట్‌లో: హైబ్రిడ్‌తో మూడేళ్ళు

2023 సంక్రాంతికి ముందు కొన్న బండి ఇది. రీడింగ్ ఇప్పుడు 54,000 దాటింది. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్, దానికి తోడు కరెంటు మోటారు, చిన్న బ్యాటరీ ఉన్న ఎస్‌యూవీ. ప్లగ్గు పెట్టి చార్జ్ చేసే పని లేదు, బ్రేకు వేసినా, పల్లం దిగినా, ఇంజన్ నడిచినా బ్యాటరీ దానంతట అదే నిండుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారే, అదన్నమాట. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఈ రకం బండ్లన్నిటికీ ఉన్నవే. ఎవరు ఫోన్ చేసినా అడిగేవి రెండే ప్రశ్నలు: పికప్ లేదంట కదా? లీటరుకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ఇస్తుందన్నారు, నిజంగా ఇస్తుందా?

ముందు పికప్ సంగతి. షోరూం వాళ్ళు టెస్ట్ డ్రైవ్ ఇచ్చింది మాదాపూర్ సందుల్లో. చప్పుడు లేకుండా, మెత్తగా, అడుగు పెట్టీ పెట్టగానే కదిలింది. మా ఆవిడ అక్కడికక్కడే ఓకే చెప్పేసింది. అసలు బండి నాకు పరిచయమైంది మాత్రం శ్రీశైలం ఘాట్‌లో.

మా ఊరు మార్కాపురం. నెలకోసారైనా మియాపూర్ నుంచి శ్రీశైలం మీదుగా వెళ్తాం. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరడం అలవాటు. ఈగలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణలోకి దిగుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మానాన్నా, పిల్లాడూ, డిక్కీ నిండా సామానూ. దిగుతుంటే స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి, పిల్లాడు లెక్కపెడుతున్నాడు. డ్యాం ఇంకా కనపడకముందే ఆఖరి గీత కూడా నిండింది. ఆ తర్వాత వచ్చే కరెంటుకు చోటు లేదు కదా, ఇంజన్ పెట్రోలు తాగకుండానే గిరగిరా తిరుగుతూ బండిని పట్టి ఉంచడం మొదలుపెట్టింది. "దిగేటప్పుడు కూడా అరుస్తుందేంట్రా ఇది!" అన్నాడు నాన్న.

వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలయ్యాక తెలిసింది అసలు అరుపంటే. రెండో మలుపుకి గీతలు సగమయ్యాయి, నాలుగో మలుపుకి రెండే మిగిలాయి. మూడు సిలిండర్ల ఇంజన్ గొంతు పెంచి ఒకే శ్రుతిలో మూలుగుతోంది, స్పీడేమో నలభై దగ్గరే ఉంది. తర్వాతి ట్రిప్పులో మా బావమరిది పక్కన కూర్చుని "బావా, గేరు మార్చు, పాపం ఏడుస్తోంది" అన్నాడు. మార్చడానికి గేర్లుంటే కదా!

అక్కడ జరిగేది ఏంటో తర్వాత నెమ్మదిగా అర్థమైంది. దీని బ్యాటరీ మొత్తం కలిపి ముప్పావు యూనిట్. ఇంట్లో టన్నున్నర ఏసీ దాంతో అరగంట నడిస్తే గొప్ప. అందులోనూ అడుగంటా వాడనివ్వదు, కొంత ఎప్పుడూ మిగుల్చుకుంటుంది. ఇంజన్ తొంభై హార్స్ పవర్, మోటారు ఎనభై, కాబట్టి నూట డెబ్బై రావాలని నేనూ అందరిలాగే లెక్కేశాను. వచ్చేది నూట పదిహేను. మోటారుకి శక్తి ఉన్నా, ఇంత చిన్న బ్యాటరీ ఒక్కసారిగా పాతిక హార్స్ పవర్‌కి మించి కరెంటు ఇవ్వలేదు. పైగా ఇంజన్ అట్కిన్సన్ పద్ధతిది. గాలి లోపలికి వచ్చే వాల్వుని కాస్త ఆలస్యంగా మూస్తారు, దాంతో పెట్రోలు కలిసొస్తుంది కానీ బలం తగ్గుతుంది. బ్యాటరీ ఖాళీ అయినంతసేపూ ఆ తగ్గిన బలంతోనే కొండెక్కాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది నిజంగా ఎంత నెమ్మదో చూద్దామని ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాం. సున్నా నుంచి వందకి పన్నెండున్నర సెకన్లు. ఇంతకుముందు నా దగ్గరున్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కూడా అటూ ఇటుగా అంతే తీసుకునేది. కాకపోతే అది టర్బో అందుకోగానే వీపు మీద ఒక తన్ను తన్నేది. ఇది తన్నదు. చప్పుడు ముందు పోతుంది, స్పీడు వెనక నుంచి తీరిగ్గా వస్తుంది. చెవికి కదలనట్టే ఉంటుంది, ముల్లు చూస్తే కదులుతూనే ఉంటుంది. పికప్ లేదన్న మాటలో సగం చెవి మాటే.

మిగతా సగం నిజమే. దోర్నాల దాటాక రెండు వరసల రోడ్డు మీద లారీ వెనక పడి, ఐదుగురితో ఎనభై నుంచి నూట పదికి వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంటుంది. ఒకసారి బయటికి తీసి, ఎదురుగా బస్సు చూసి మళ్ళీ వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు పవర్ మోడ్‌లో పెట్టి, ఖాళీ దొరక్కముందే, లారీ వెనక ఉండగానే కాలు నొక్కుతాను. ఇంజన్ లేచి సిద్ధంగా ఉంటుంది. నిదానంగా నడిపే చేతికి ఇబ్బంది లేదు. ఓవర్‌టేక్‌లే ప్రాణంగా నడిపేవాళ్ళకి ఈ బండి పడదు, ముందే చెప్తున్నా.

సిటీలో కథ వేరు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి, రోజుకి రానూపోనూ ముప్పై కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర మొదటి పదిహేను ఇరవై మీటర్లు మోటారే లాగుతుంది కాబట్టి ఆటోల కంటే ముందే కదులుతాం. కొత్తగూడ జామ్‌లో అంగుళం అంగుళం జరిగే గంటలో చాలాసేపు ఇంజన్ ఆగే ఉంటుంది. కొత్తలో నాన్న కంగారుపడి తాళం మళ్ళీ తిప్పమనేవాడు.

ఇక మైలేజ్. స్క్రీన్ మీద కనిపించే అంకెని నేను నమ్మను. నా బండిలో అది లీటరుకి ఒకటి, ఒకటిన్నర ఎక్కువే చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే బంక్‌లో, మొదటి ఆటో కట్ (పంపు దానంతట అదే ఆగే చోటు) దగ్గర ఆపించి, రీడింగ్ పుస్తకంలో రాసుకుంటాను. మూడేళ్ళ సగటు 21.6. సిటీలో చలికాలం ఏసీ లేకుండా 25 వచ్చిన ట్యాంకులున్నాయి. మే నెలలో అదే దారిలో 20. అత్తగారి ఊరు విజయవాడ, ఆ హైవే మీద ఎనభై, తొంభైలో వెళ్తే 22. నూట పది మీద పెడితే 17. అంటే మామూలు పెట్రోల్ బండికి హైవేలో పెరిగే మైలేజ్, దీనికి హైవేలో స్పీడు పెంచితే పడిపోతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ కరెంటు తిరిగొచ్చే బండికి, బ్రేకే వేయని రోడ్డు మీద తిరిగొచ్చేదేముంది?

మరి ఆ ఇరవై ఎనిమిది ఎక్కడిది? అబద్ధం కాదు. మన దేశంలో ఆ పరీక్ష రోలర్ల మీద, ఏసీ ఆపేసి, తొంభై దాటని స్పీడులో చేస్తారు. మన ఎండలో, మన ఏసీతో అది రాదు. ఎనభై శాతం వస్తే సంతోషించాలి.

2024 వేసవిలో మాత్రం నిజంగా భయపడ్డాను. రెండు ట్యాంకులు వరసగా 17. సిటీలో! ఇంజన్ అస్తమానం నడుస్తూనే ఉంది, కాలు కింద బండి బద్ధకంగా ఉంది. బ్యాటరీ పోయిందనే అనుకున్నాను. దానికి ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉందని తెలిసినా నిద్ర పట్టలేదు. సర్వీస్ సెంటర్లో కుర్రాడు వెనక సీటు పక్కన చిన్న జాలీ ఊడదీసి ఫిల్టర్ బయటికి లాగాడు. బూడిదరంగు దుమ్ము, దూది నూగు, ఒక జీడిపప్పు కూడా. దాని ముందే మా పిల్లాడి దుప్పటి, దిండు ఎప్పుడూ పడి ఉండేవి. బ్యాటరీ ఆ జాలీ గుండా కారు లోపలి చల్లగాలినే పీల్చుకుంటుంది. ఆ ముక్కు మూసుకుపోతే వేడెక్కి కరెంటు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తగ్గించేస్తుంది. శుభ్రం చేసి పెట్టాక తర్వాతి ట్యాంకు 20.8. ఇప్పుడు ఆ జాలీ ముందు ఏమీ పెట్టనివ్వను. ఏడాదికోసారి ఫిల్టర్ నేనే దులుపుతాను. పికప్, మైలేజ్ రెండూ ఒకేసారి పడిపోయాయంటే ముందు అక్కడ చూడండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక కూడా నా పుస్తకంలో లీటరుకి ఒక కిలోమీటరు దాకా తగ్గినట్టుంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడోవంతు శక్తి తక్కువ కాబట్టి ఆ మాత్రం తగ్గడంలో వింతేం లేదు. టైర్లు మార్చింది కూడా ఆ రోజుల్లోనే, తప్పంతా దాని మీదే వేయలేను.

చిన్నాచితకా: బ్రేక్ ప్యాడ్లు యాభై వేలకీ సగానికి పైనే ఉన్నాయి. డిక్కీలో బ్యాటరీ కూర్చోవడంతో రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. ఊరెళ్ళి పన్నెండు రోజులు వదిలేస్తే మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ పడుకుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది లేస్తేనే బండి లేస్తుంది.

డబ్బు లెక్క: ఇదే బండి మామూలు పెట్రోల్ మోడల్ కంటే నేను రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టాను. ఆఫీసులో పెట్రోల్ ఆటోమేటిక్ నడిపే మిత్రుడికి ఇవే రోడ్ల మీద 14 వస్తోంది. ఆ లెక్కన 54,000 కిలోమీటర్లకి నాకు మిగిలింది 1,350 లీటర్లు పైచిలుకు, లీటరు 107 చొప్పున లక్షా నలభై ఐదు వేలు. అసలు రావాలంటే ఇంకా నలభై వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ సిటీ జామ్‌లో నలిగేవాళ్ళు తీసుకోండి. నెలకి నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకీ, వారం వారం హైవే మీద నూట ఇరవైలో పోయేవాళ్ళకీ నేను వద్దనే చెప్తున్నాను. మా బావమరిది ఆ హైవే రకం. డీజిల్ కొనుక్కున్నాడు.