అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు: తెలియని రచయితలను వెదికే పాఠకుడి దృష్టిలో

హైదరాబాదులో పాత పుస్తకాలు కొనే అలవాటున్నవారికి అబిడ్స్ ఆదివారం బజారును పరిచయం చేయనక్కరలేదు. వారంలో మిగిలిన రోజుల్లో బట్టల దుకాణాలకూ చెప్పుల దుకాణాలకూ వచ్చిపోయేవారితో కిటకిటలాడే ఆ వీధుల్లో ఆదివారం నాడు షట్టర్లు దించి ఉంటాయి. ఆ మూసిన దుకాణాల ముందు, జీపీఓ (పెద్ద తపాలా కార్యాలయం) పరిసరాల్లోని కాలిబాటల మీద, పట్టాలు పరచి పుస్తకాలు పోసి అమ్ముతారు. ఈ బజారు గురించి ఎవరు మాట్లాడినా ముందుగా ధరల చవకదనమే ప్రస్తావనకు వస్తుంది. నేను ఇక్కడ పరిశీలించదలచినది మరొకటి: అంతవరకు పేరైనా వినని రచయితను, చదివే అలవాటు లేని ప్రక్రియను పాఠకుడి ముందుకు తేవడంలో ఈ బజారు ఎంత పనికొస్తుందన్నది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ పనిలో దీనికి సాటివచ్చే చోటు నగరంలో నాకు మరొకటి కనిపించలేదు. అయితే కుప్పలను ఎలా చూడాలో తెలిసినవారికే ఇది తన విలువను చూపుతుంది.

పుస్తకాల దుకాణంలో నవలలు ఒక చోట, కవిత్వం ఒక చోట, ఆధ్యాత్మికం మరొక చోట ఉంటాయి. నవలల కోసం వెళ్లినవాడు నవలల అరల ముందే నిలబడి, తనకు తెలిసిన పేర్లనే వెదుక్కుని తిరిగి వస్తాడు. ఇంటర్నెట్టులో కొంటే ఇంతకుముందు కొన్నవాటిని పోలినవే మళ్లీ మళ్లీ చూపిస్తారు. అబిడ్స్ కుప్పల్లో అటువంటి విభజన ఉండదు. కానీ వాటికి ఒక క్రమం లేదనుకోవడం పొరపాటు. ఇక్కడికి వచ్చే పుస్తకాల్లో చాలా భాగం ఇళ్లు ఖాళీ చేసినప్పుడు, పెద్దవారు పోయినప్పుడు, పాత పేపర్లవాళ్ల ద్వారా కట్టలు కట్టలుగా చేతులు మారి వస్తాయి. కాబట్టి ఒక కుప్పలోని పుస్తకాలు తరచుగా ఒకే ఇంటివి, ఒకే పాఠకుడు జీవితకాలంలో పోగుచేసుకున్నవి.

అమ్మేవారికి ఇది బాగా తెలుసు. ఒక కుప్పలో హోమియోపతి వైద్య గ్రంథం, దాని కింద సాహిత్య అకాడెమీ వారి 'భారతీయ సాహిత్య నిర్మాతలు' వరుసలోని పలచని పుస్తకాలు, వాటి మధ్య డిటెక్టివ్ నవలలు, ఒక కన్నడ నవలకు తెలుగు అనువాదం కలిసి ఉండడం చూసి, ఇవన్నీ ఒక్కచోటికి ఎలా చేరాయని అడిగాను. "ఒక్క ఇంట్లకెళ్లి వచ్చిన మాలు సార్, రిటైరయిన సారుదట. ఇంకో కట్ట విప్పనే లేదు, కావాలంటే చూసుకోండ్రి" అన్నాడతను. విప్పని ఆ కట్టలో అదే చేతిరాతతో అట్ట లోపలివైపు సంతకం, కొన్న ఊరు, తేదీ రాసిన పుస్తకాలు మరికొన్ని దొరికాయి. ఆ వ్యక్తి అభిరుచి మన అభిరుచితో ఒక్క పుస్తకం దగ్గర కలిసినా చాలు, మిగిలిన కుప్పంతా నమ్మదగిన సిఫారసుగా తీసుకోవచ్చు. నాకు డిటెక్టివ్ నవలల దగ్గర కలిసింది. అనువాద నవలను ఆ భరోసాతోనే కొన్నాను, బాగుంది.

డిటెక్టివ్ నవలల మాట వచ్చింది కాబట్టి, తెలుగులో ఆ ప్రక్రియ ఒకప్పుడు ఎంత విస్తారంగా సాగిందో తెలుసుకోవడానికి ఈ కాలిబాట మంచి చోటు. డిటెక్టివ్ యుగంధర్‌నూ అతని అసిస్టెంట్ రాజునూ సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు పేరు పాతతరం పాఠకులకు నోటిమీద ఉంటుంది. ఆ రోజుల్లో ఆయనతోపాటు రాసినవారి పేర్లు మాత్రం ఇప్పుడు దాదాపుగా మరుగున పడ్డాయి. వారి పుస్తకాలు మళ్లీ అచ్చుకాకపోవడం వల్ల, అద్దె లైబ్రరీ ముద్రలతో, అంచులు నలిగి, పసుపుపచ్చబడిన కాగితాలతో ఇక్కడ కనబడినప్పుడే చూడాలి. ఆ అద్దె లైబ్రరీల ముద్రలూ చదవదగినవే. వీధి పేరు, రోజు అద్దె, ఆలస్యానికి జరిమానా, ఆ పుస్తకం ఎన్నిసార్లు చేతులు మారిందో తెలిపే తేదీల వరుస — ఏ రచయితను జనం ఎగబడి చదివారో విమర్శకుల వ్యాసాలకన్నా ఆ తేదీల వరుస సూటిగా చెబుతుంది.

ఈ బజారులో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి బైండు చేయించిన సీరియల్సు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో వారం వారం వచ్చిన నవలల పేజీలను చింపి, వరుసగా పేర్చి, గళ్ల కాగితం అట్ట వేయించి, వెన్ను మీద పేరు చేత్తో రాసి దాచుకునే అలవాటు మన ఇళ్లలో చాలాకాలం ఉండేది. పుస్తకంగా వచ్చినప్పుడు పోయిన బొమ్మలు, వచ్చేవారం ఏమవుతుందో ఊరించే చివరి పంక్తులు వీటిలో అలాగే నిలిచి ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పత్రిక పేజీకి వెనకవైపు కూడా అచ్చు ఉంటుంది గదా. ఆ వెనకవైపున మరెవరిదో కథ సగం, పాఠకుల ఉత్తరాలు, ఒక వంట శీర్షిక, ఒక పుస్తక సమీక్ష ఉంటాయి. సీరియల్ కోసం కొన్న బైండులో, పేజీ వెనక ఉన్న సగం కథ ఆకట్టుకుని, ఆ రచయిత్రి పేరు రాసుకుని, ఆమె కథల సంపుటి కోసం వెదకడం మొదలుపెట్టిన అనుభవం నాకు ఉంది. ఇటువంటి బైండులు కనబడితే నవల పేరు చూసి వదిలేయవద్దనీ, వెనక పేజీలు తిరగేయమనీ ప్రత్యేకంగా చెబుతున్నాను.

తెలియని రచయితలను పట్టుకోవడానికి ప్రక్రియల కన్నా ప్రచురణ సంస్థలనూ అనువాదకులనూ అనుసరించడం మేలని ఇక్కడ తిరిగేవారు త్వరలోనే గ్రహిస్తారు. ఎమెస్కో వారి పాత పాకెట్ పుస్తకాల చివరి పేజీల్లో ఇతర ప్రచురణల జాబితా ఉంటుంది. 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకం పేరుతో ఆ సంస్థ ఇళ్లకు చేర్చిన పుస్తకాల్లో సాంఘిక నవల పక్కనే ప్రబంధం కూడా ఉండేది కాబట్టి, ఆ జాబితాలే ఒక చిన్న పాఠ్యప్రణాళికకు సరిపోతాయి. 1955లో మద్రాసులో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థ పేరున్న పుస్తకం ఏది కనబడినా చేతిలోకి తీసుకోవాలి. దక్షిణాది నాలుగు భాషల మధ్య పుస్తకాలు అటూ ఇటూ నడిపించే ఉద్దేశంతో పనిచేసిన సంస్థ అది. 1957లో స్థాపించిన నేషనల్ బుక్ ట్రస్టు వారి 'అంతర భారతీయ పుస్తకమాల', 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు వారి అనువాదాలు కూడా తరచుగా దొరుకుతాయి. హైదరాబాద్ బుక్ ట్రస్టు ద్వారా సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' (అలెక్స్ హేలీ ఇంగ్లీషు పుస్తకం 'రూట్స్') చదివినవారు అదే అనువాదకుడి పేరున్న మరో పుస్తకం ఇక్కడ కనబడితే విషయం ఏదని అడగకుండానే కొనవచ్చునని నా నమ్మకం.

ఈ దారి ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, ఆ తరవాత రాదుగ అనే ప్రచురణ సంస్థ అచ్చువేసిన తెలుగు పుస్తకాలు, పిల్లల బొమ్మల కథల నుంచి రష్యన్ నవలల దాకా, గట్టి అట్టలతో, ఇప్పటికీ చెక్కుచెదరని కుట్టుతో ఈ కుప్పల్లో కనబడుతూనే ఉంటాయి. చాలామంది మూల రచయిత పేరు చూసి ఊరుకుంటారు. లోపలి పేజీలో అనువాదకుడి పేరు చూస్తే ఆర్వియార్, ఉప్పల లక్ష్మణరావు వంటివారు కనిపిస్తారు. ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రం చదివిన మనిషి. మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. తెలుగులో 'అతడు - ఆమె' అనే నవలను భార్యాభర్తల డైరీల రూపంలో రాశారు. 'బతుకు పుస్తకం' పేరుతో స్వీయచరిత్ర రాశారు. రష్యన్ కథ దగ్గర మొదలుపెట్టిన పాఠకుడు ఆ పేరు వెంట నడిస్తే, స్త్రీపురుష సంబంధాలను స్వాతంత్ర్యోద్యమ కాలపు నేపథ్యంలో సూక్ష్మంగా పరిశీలించిన తెలుగు నవల దగ్గరికీ, అక్కడి నుంచి ఒక విశిష్టమైన ఆత్మకథ దగ్గరికీ చేరుతాడు. మూడు ప్రక్రియలు, ఒకే పేరు. కొడవటిగంటి కుటుంబరావు విషయంలోనూ ఇంతే: 'చందమామ'ను ఆయన దశాబ్దాలపాటు నడిపిన సంగతి తెలియకుండానే పిల్లలుగా ఆయన వచనానికి అలవాటుపడినవారు, పెద్దయ్యాక ఆయన మధ్యతరగతి నవలలనూ సైన్సు, సినిమా, సంగీతం మీద రాసిన వ్యాసాలనూ విడివిడిగా కనుగొనవలసి వస్తుంది.

ఇంగ్లీషు నవలలు చదవని తెలుగు పాఠకులకు ప్రపంచ సాహిత్యంలోకి ప్రవేశం కావాలంటే మాలతీ చందూర్ పుస్తకాలను వెదకమంటాను. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికన ఆమె నెలనెలా ఒక ప్రసిద్ధ నవలను తెలుగులో కథగా పరిచయం చేశారు. అవి 'నవలా మంజరి' పేరుతో సంపుటాలుగా వచ్చాయి. పాత 'స్వాతి' సంచికలు, ఆ సంపుటాలు రెండూ ఈ బజారులో తారసపడుతుంటాయి. ఒక గృహిణి ఇంట్లో కూర్చుని ఫ్రెంచి, రష్యన్, అమెరికన్ నవలల సారాన్ని తెలుసుకునే వీలు కల్పించిన ఆ కృషికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా బాధ.

ఇంగ్లీషు విభాగం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పరిమాణంలో అదే పెద్దది, కొనేవారూ ఎక్కువ. థ్రిల్లర్లు, ప్రేమ నవలలు, పాత మ్యాగజైన్లు, పోటీ పరీక్షల గైడ్లు, ఇంజినీరింగ్ పుస్తకాలు చాలాచోట్ల అవే అవే కనబడతాయి. ఉర్దూ చదవగలిగినవారికి మాత్రం, ఈ నగరపు చరిత్ర దృష్ట్యా, ఇక్కడ మంచి వేట ఉందని ఆ భాష తెలిసిన మిత్రులు చెబుతారు.

ధరల విషయం క్లుప్తంగా. పలచని తెలుగు పుస్తకాలు నోటు మార్చకుండా కొనగలిగినంత చవకగా దొరుకుతాయి. అరుదైనదని అమ్మేవాడికి తెలిస్తే ధర పెరుగుతుంది, అది న్యాయమే. ఒకటి పట్టుకుని గీచి గీచి బేరమాడడం కన్నా నాలుగైదు కలిపి "అన్నా, మొత్తానికి ఎంతకిస్తావు?" అని అడగడం ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. కొనేముందు మొదటి, చివరి పేజీలతో పాటు మధ్యలో కూడా తిప్పి చూడాలి. అద్దె లైబ్రరీ నవలల్లో చివరి ఫారం (కలిపి కుట్టిన చివరి పేజీల కట్ట) ఊడిపోయి ఉండడం మామూలు. డిటెక్టివ్ నవలకు అంతకుమించిన లోపం ఉండదు. చెమ్మ వాసన, చెదపురుగు రంధ్రాలు ఉన్నవాటిని ఇంట్లోని పుస్తకాలతో కలపకుండా కొన్నాళ్లు విడిగా ఉంచి ఎండ తగలనివ్వడం మంచిది. పొద్దున పది, పదకొండు గంటల మధ్య వెళితే కట్టలు అప్పుడే విప్పుతుంటారు. వానాకాలంలో మబ్బు చూసుకుని బయలుదేరాలి. చినుకు పడగానే పట్టాలు కప్పేస్తారు, ఆపైన చూడడానికి ఏమీ ఉండదు.

లోపాలు లేకపోలేదు. మొదటిది, కొత్త ఇంగ్లీషు బెస్టుసెల్లర్ల పేరుతో అక్కడక్కడ అమ్మే దొంగ ముద్రణలు. పలచని కాగితం, మసకబారిన అట్ట, వంకర అచ్చు చూస్తే ఇట్టే తెలుస్తుంది. రచయితకు పైసా చేరని ఆ ప్రతులను కొనవద్దని గట్టిగా కోరుతున్నాను. పాత పుస్తకం ఒకసారి సక్రమంగా అమ్ముడై రెండో చేతికి వస్తున్నది. దొంగ ముద్రణ సంగతి అది కాదు. రెండవది, గత పది పదిహేనేళ్లలో రాయడం మొదలుపెట్టిన తెలుగు రచయితలు ఇక్కడ దాదాపుగా కనిపించరు. వారి పుస్తకాలు కొద్ది ప్రతులే అచ్చవుతాయి, కొన్నవారు దాచుకుంటారు. ఇప్పటి కథకులనూ కవులనూ తెలుసుకోవాలంటే కాచిగూడలోని నవోదయ వంటి తెలుగు పుస్తకాల దుకాణానికీ, ఏటా శీతకాలంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకూ వెళ్లవలసిందే. ఈ బజారు ఒక్కదాని మీదే ఆధారపడినవారికి తెలుగు సాహిత్యం ఎక్కడో ఎనభైలలో ఆగిపోయిందన్న అపోహ కలిగే ప్రమాదం ఉంది. మూడవది సౌకర్యాలు: కూర్చునే చోటు లేదు, నీడ తక్కువ, కాలిబాట మీద వంగి, గొంతుకూర్చుని వెదకాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఇది కష్టం. అటువంటివారికి అమ్మేవారు స్టూలు తెచ్చి వేసి, అడిగిన కుప్పను దగ్గరికి జరిపిన సందర్భాలు చూశాను గాని, అది వారి మంచితనమే తప్ప ఏర్పాటు కాదు.

ఇక్కడ దొరికిన పేరుతో తరవాత ఏం చేయాలన్నది కూడా ఆలోచించవలసినదే. మొదటి భాగం దొరికి రెండోది దొరకకపోవడం, ఒక రచయిత పుస్తకం ఒక్కటే కనబడి మిగిలినవి కనబడకపోవడం తప్పదు. కాపీరైటు తీరిన పాత పుస్తకాలైతే ఇంటర్నెట్ ఆర్కైవులో వెదకవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కాని పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్లు రాసినందువల్ల, పుస్తకం పేరును నాలుగు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించాలి. అందులోనూ లేనివాటికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. లేదంటే బజారులోనే ఒకరిద్దరు అమ్మేవారితో పరిచయం పెంచుకుని, రచయిత పేరూ పుస్తకం పేరూ చీటీ మీద స్పష్టంగా రాసి ఇవ్వండి. కట్టల్లో కనబడితే వారు పక్కన పెట్టి ఉంచుతారు. రెండు మూడు ఆదివారాల తరవాత వెళ్లి అడిగితే చాలు.