పెళ్లి రద్దు కేసా, విడాకులా? తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఏది మేలు

"పెళ్లై ఏడు నెలలు. అసలు సంగతి దాచిపెట్టి చేశారు. విడాకులన్న మాట రాకుండా పెళ్లినే రద్దు చేయించుకోవచ్చా?" మన వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. దీని వెనక రెండు నమ్మకాలుంటాయి. రద్దు అయితే తొందరగా తేలిపోతుందని ఒకటి, పరువు నిలుస్తుందని రెండోది. రెండోది కొంతవరకు నిజమే. మొదటిది మాత్రం చాలా కేసుల్లో తారుమారవుతుంది. హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లిళ్ల గురించే ఇక్కడ ప్రధానంగా చెబుతున్నాను. మిగతావి చివర్లో.

ముందు, ఎంచుకోవడానికి ఏమీ లేని కేసులు. పెళ్లినాటికి అవతలివాళ్ల మొదటి భార్యో భర్తో బతికే ఉండి, ఆ పెళ్లి చట్టప్రకారం తెగి ఉండకపోతే రెండో పెళ్లి మొదటినుంచే చెల్లదు. సెక్షన్ 11 కింద ఆ మాట కోర్టు చేత చెప్పించుకోవాలి. ఇక్కడ విడాకులు అడగడమంటే చెల్లని పెళ్లిని చెల్లిందని మీరే ఒప్పుకున్నట్టు. దీనికి గడువు లేదు. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) లేకపోయినా ఆ పెళ్లి చెల్లనిదే, కానీ పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలన్నా, సర్వీసు రిజిస్టర్‌లో నామినీని మార్చాలన్నా కౌంటర్ దగ్గర అడిగేది డిక్రీ కాగితమే.

ఈ కేసుల్లో మన పల్లెల్లో తరచూ తగిలేది బాండు పేపరు విడాకులు. పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం రాయించి, ఇద్దరి చేత సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయిస్తారు. ఆ కులంలో అలా తెగతెంపులు చేసుకోవడం పాతకాలం నుంచి నడుస్తున్న ఆచారమని సాక్ష్యాలతో రుజువైతేనే, సెక్షన్ 29(2) కింద ఆ కాగితానికి విలువ. లేకపోతే మొదటి పెళ్లి నిలిచి ఉన్నట్టే. గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. "నాకు ముందే విడాకులయ్యాయి" అని అవతలివాళ్లు చూపించే ఆ కాగితమే, మొదటి పెళ్లి జరిగిందని చెప్పడానికి మీకు దొరికే మంచి రుజువు. దాని నకలు ఎలాగైనా సంపాదించండి. దానికి మొదటి పెళ్లి శుభలేఖ, ఫొటోలు, ఆ పెళ్లి చూసిన ఒక సాక్షి తోడైతే కేసు గట్టిపడుతుంది.

మేనమామను చేసుకున్నాం, దగ్గరి చుట్టరికం కాబట్టి రద్దవుతుందా అని కొందరు అడుగుతారు. కాదు. ఆచారం ఉన్నచోట మేనరికం చెల్లుతుంది, రాయలసీమలో ఆ ఆచారం లేదని వాదించడం వృథా.

ఇక అసలు పోటీ సెక్షన్ 12 కింద రద్దుకూ, సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులకూ మధ్య. సెక్షన్ 12లో నాలుగు కారణాలున్నాయి: నపుంసకత్వం వల్ల కాపురం మొదలుకాకపోవడం, పెళ్లికి తగని స్థాయి మానసిక రుగ్మత, బలవంతంగానో మోసంతోనో సమ్మతి తీసుకోవడం, పెళ్లినాటికి భార్య వేరొకరి వల్ల గర్భవతి అయి ఉండటం. ఎక్కువమంది వచ్చేది మోసం కింద. దీన్ని తేల్చేది మోసం ఎంత పెద్దదన్నది కాదు, తేదీలు. నా లెక్కలో మిగతావన్నీ ఆ తర్వాతే.

మోసం తెలిసిన రోజు నుంచి ఏడాది లోపు పిటిషన్ వేయాలి. పెళ్లి రోజు నుంచి కాదు. దీనికంటే ఎక్కువ కేసులను ముంచే షరతు ఇంకొకటి సెక్షన్ 12(2)లో ఉంది: తెలిసిన తర్వాత ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేసి ఉండకూడదు. మన ఇళ్లలో జరిగేది చూడండి. మేలో పెళ్లి. ఆషాఢానికి పిల్ల పుట్టింటికి వస్తుంది. అప్పుడే ఏదో ఆసుపత్రి ఫైలో, పాత ఫోనులో ఫొటోలో బయటపడతాయి. పెద్దవాళ్లు కూర్చుంటారు, "సర్దుకుపోమ్మా" అంటారు, శ్రావణం రాగానే సారె పెట్టి మళ్లీ పంపుతారు. రెండు నెలలు గడిచాక పిల్ల తిరిగొచ్చి కేసు వేస్తుంది. క్రాస్‌లో (మీ వాంగ్మూలం మీద వేసే ఎదురు ప్రశ్నల్లో) అవతలి వకీలు అడిగే ప్రశ్న ఒకటే: "విషయం తెలిశాక వరలక్ష్మీ వ్రతం అత్తగారింట్లోనే చేశారు కదా?" దానికి జతగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో. పెద్దల ఒత్తిడి మీద వెళ్లానని చెప్పుకోవచ్చు. కానీ ఆ ఒత్తిడిని రుజువు చేయడం మీ నెత్తిన పడుతుంది.

కాబట్టి విషయం తెలిసిన రోజు నుంచి వేరుగా ఉండండి. పెద్దమనుషుల పంచాయితీ జరిగితే జరగనివ్వండి, ఆ నెలలు గడువులోంచి తీసేయరని మాత్రం గుర్తుంచుకోండి. పిటిషన్‌లో "ఇటీవల తెలిసింది" అని రాస్తే దెబ్బతింటారు. ఏ తేదీన, ఎవరి ద్వారా, ఏ కాగితం చూసి తెలిసిందో రాయాలి.

ఏది మోసం కిందకు వస్తుందన్నది రెండో మెట్టు. 1976 సవరణ తర్వాత, అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని దాచినా మోసమే. మొదటి పెళ్లినో, విడాకులనో, తీవ్రమైన జబ్బునో దాచితే కేసుకు బలం ఉంటుంది. జీతం ఎక్కువ చేసి చెప్పారు, ఇల్లు వాళ్లది కాదట, మామగారికి అప్పులున్నాయట అంటే బలహీనం. ఉద్యోగం విషయంలో కోర్టులు ఒకే తీరుగా పోలేదు. అసలు ఉద్యోగమే లేనివాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరునని చెప్పుకోవడం వేరు, అరవై వేలను లక్ష అనడం వేరు. పెళ్లిళ్ల పేరయ్య చెప్పిన మాటయితే, అది అవతలివాళ్లు చెప్పించిన మాటే అని చూపాలి. అందుకు వాళ్లే పంపిన బయోడేటా, మ్యాట్రిమోనీ ప్రొఫైల్ కావాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) ఉండాలి. అసలు ఫోను అమ్మేయకండి.

జబ్బు, మానసిక రుగ్మత, నపుంసకత్వం కేసుల్లో ప్రైవేటు ల్యాబ్ రిపోర్టుతో పని కాదు. వైద్య పరీక్షకు కోర్టు ఆదేశించవచ్చని, ఒప్పుకోకపోతే దాన్ని ఆ వ్యక్తికి వ్యతిరేకంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లో శారద కేసులో చెప్పింది. తిరుపతిలో అయితే రుయా లాంటి ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు రిపోర్టుకు ఉండే బరువు వేరు. మాత్రలు వాడుతున్నారన్నంత మాత్రాన మానసిక రుగ్మత కారణం నిలవదు, పెళ్లికీ సంతానానికీ తగని స్థాయి అని తేలాలి. అందుకే ఇలాంటి కేసుల్లో రుగ్మతతో పాటు దాన్ని దాచిన మోసాన్నీ కలిపి, ఏడాది లోపే వేయడం తెలివైన పని. కాపురానికి ఒప్పుకోకపోవడం ఒక్కటే హిందూ చట్టంలో రద్దుకు కారణం కాదు. అది క్రూరత్వం కింద విడాకులకు పనికొస్తుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవాళ్లకు మాత్రం అదే రద్దుకు కారణం.

"ఇద్దరం ఒప్పుకున్నాం, రద్దుకే వేసి రెండు నెలల్లో తేల్చుకుంటాం" అనేవాళ్లున్నారు. కుదరదు. సెక్షన్ 12 పిటిషన్‌లో లాలూచీ (ఇద్దరూ లోలోపల కుమ్మక్కవడం) లేదని రాయాలి, సెక్షన్ 23 ప్రకారం ఆ సంగతి జడ్జి చూడాలి. అవతలివాళ్లు హాజరు కాకపోయినా, కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయకపోయినా మీరు చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే మీ వాంగ్మూలం) వేసి, కాగితాలు మార్కు చేయించి (సాక్ష్యంగా నమోదు చేయించి) రుజువు చేయాల్సిందే. ఇద్దరికీ ఇష్టమైతే 13బి ఉంది.

13బికి ఏడాది వేరుగా ఉండాలి, మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం) తర్వాత ఆరు నెలలు ఆగాలి. వేరుగా ఉండటం మొదలై ఇప్పటికే ఏడాదిన్నర దాటి, భరణం, బంగారం లెక్కలన్నీ తేలి, రాజీ యత్నాలు విఫలమైతే ఆ ఆరు నెలలను కోర్టు మాఫీ చేయవచ్చు. అమర్‌దీప్ సింగ్ కేసు, 2017. మొదటి మోషన్ వేసిన వారానికి ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇందులో మోసం రుజువు చేయనక్కర్లేదు, క్రాస్ లేదు, ఆసుపత్రి పరీక్ష లేదు. ప్రమాదం ఒక్కటే: డిక్రీ వచ్చేలోపు ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకని బంగారం, డబ్బు మొత్తం మొదటి మోషన్ రోజే ఇచ్చేయకుండా కొంత చివరి వాంగ్మూలం రోజుకు డీడీగా ఉంచుతారు. అవతలివాళ్లు దారికి వచ్చే మనుషులైతే, చేతిలో గట్టి కాగితం ఉన్నా సరే, నేను మొగ్గేది దీనివైపే. అవతలివాళ్లు మొండికేసి, మీ దగ్గర రాతపూర్వక రుజువు ఉండి, మోసం తెలిసి ఏడాది దాటకపోతే మాత్రం రద్దుకే వెళ్లండి. పెళ్లై ఏడాది కాకుండా విడాకుల పిటిషన్‌ను సెక్షన్ 14 సాధారణంగా రానివ్వదు, రద్దుకు ఆ అడ్డు లేదు.

రద్దయితే భరణం ఉండదన్న లెక్కతో వెళ్లే మగవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. మొదటినుంచే చెల్లని పెళ్లిలోనూ సెక్షన్ 25 కింద శాశ్వత భరణం ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో తేల్చింది. పిల్లలుంటే వాళ్ల చట్టబద్ధతకు సెక్షన్ 16 వల్ల ఏ లోటూ రాదు.

ఏడాది దాటిపోయి, అవతలివాళ్లు ఒప్పుకోకపోతే మిగిలేది సెక్షన్ 13 విడాకులు, అదీ ఎక్కువగా క్రూరత్వం కింద. నిదానంగా నడుస్తుంది, అంతే.

ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన చోటు, ఇద్దరూ చివరగా కలిసున్న చోటు, అవతలివాళ్లు ఉంటున్న చోటు. భార్య వేస్తే ఆమె ఉంటున్న చోటు కూడా. కొండ మీదో, కింద కల్యాణ మండపంలోనో పెళ్లి చేసుకున్న హైదరాబాదు, చెన్నై వాళ్లకూ తిరుపతి ఫ్యామిలీ కోర్టు పరిధి దొరుకుతుంది. పెళ్లి ఇక్కడ జరిగిందని, బెంగళూరులో ఉంటున్న భార్య మీద భర్త తిరుపతిలో వేస్తే, ఆమె బదిలీ కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు, అంతవరకు ఇక్కడ వాయిదాలే. అలాంటప్పుడు ఆమె ఉన్నచోటే వేయడం నయం. చిత్తూరు వాళ్లకు చిత్తూరులోనే ఫ్యామిలీ కోర్టు ఉంది. ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి రాని ఊళ్ల వాళ్లు సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్లాలి.

పిటిషన్‌తో శుభలేఖ, పెళ్లి ఫొటో, ఉంటే వివాహ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్ నకళ్లు పెట్టాలి. పరిధి ఎలా వస్తుందో, లాలూచీ లేదనో రాయకపోతే కాగితాలు రిటర్న్ అవుతాయి, అందుకే గడువు చివరి వారంలో వేయకండి. అవతలివాళ్ల పాత అడ్రసు ఇచ్చి ఎక్స్‌పార్టీ (అవతలివాళ్లు హాజరు కాకుండానే వచ్చే) డిక్రీ తెచ్చుకోవాలన్న ఆలోచన మానుకోండి. సమన్లు సరిగా అందలేదని తేలితే, విషయం తెలిసిన 30 రోజుల్లో వాళ్లు దాన్ని కొట్టేయించుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

మిగతావాళ్ల సంగతి క్లుప్తంగా. బాల్యవివాహమైతే 2006 చట్టం సెక్షన్ 3 కింద, అమ్మాయి తనకు 20 నిండేలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు. క్రైస్తవులకు 1869 విడాకుల చట్టం సెక్షన్లు 18, 19. చర్చి ఇచ్చిన రద్దు కాగితం కోర్టు లెక్కలో పనికిరాదు. ముస్లిం అమ్మాయికి 15 ఏళ్లలోపు పెళ్లి చేసి ఉండి, కాపురం మొదలుకాకపోతే, 18 నిండేలోపు ఆ పెళ్లిని తిరస్కరించే హక్కు 1939 చట్టంలో ఉంది.

డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అప్పీలు గడువు ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90. అప్పీలు వేసేవాళ్లు 30 అనీ, మళ్లీ పెళ్లికి ముహూర్తం పెట్టుకునేవాళ్లు 90 అనీ లెక్క వేసుకోవడం క్షేమం. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన 13బి డిక్రీకి ఈ బెడద లేదు, అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలే ఉండదు.